హన్మవ్వ కొట్టిన బండ

వర్ని, కోటగిరి చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్ళు బండలు బేరమాడే ముందు ఒక్క మాట అడిగేవారు: "ఇవి హన్మవ్వ కొట్టినవేనా?" అవునంటే బేరం సగం కుదిరినట్టే. కాదంటే, ఎంత నున్నటి బండనైనా ఎగాదిగా చూసి, ఏదో వంక పెట్టి వెళ్ళిపోయేవారు.

కొట్టడమంటే పగలగొట్టడం అనుకునేరు. గుట్ట మీద బండను లేపేది మగవాళ్ళు. పొరలుపొరలుగా ఉన్న రాయి మీద కట్టెలు పరిచి సన్నటి మంట పెడతారు. అది ఎగసిపడకుండా, ఆరిపోకుండా పొద్దంతా కాస్తారు. వేడి నిదానంగా లోపలికి దిగి పైపొర నాలుగంగుళాల మందాన విడిపోయి లేస్తుంది. దాన్ని ఉలితో గీటుపెట్టి ఆరడుగుల పలకలు తీస్తారు. అక్కడితో మగవాళ్ళ పని అయిపోయింది. బండి ఎక్కే ముందు ప్రతి పలకనూ ఒక ఆడమనిషి చిన్న సుత్తితో మూడు చోట్ల కొట్టి వినాలి. ఖంగుమంటే బండి ఎక్కుతుంది. బొద్దుమంటే లోపల పగులున్నట్టు, అది గుట్ట మీదే ఉండిపోతుంది. ఆ గుట్ట మీద రాయి తీసే లింబయ్య గుంపులో ఇది తాతల నాటి కట్టుబాటు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, లేపినవాడి చెవికి వాడి బండ ఎప్పుడూ బాగానే మోగుతుంది. అందుకే వాడు కొట్టకూడదు.

లింబయ్య భార్య హన్మవ్వకు ఆ సుత్తి అత్త చేతి నుంచి వచ్చింది. వడ్డెరల పిల్ల. నిజాంసాగర్ కాలువ తవ్వేటప్పుడు కాలువ గట్టునే పుట్టింది. తల్లి తట్ట దించి కని, పదోనాడు మళ్ళీ తట్ట ఎత్తుకుంది. పదమూడేళ్ళకు కాపురానికొస్తే అత్త గుట్ట మీదికి తీసుకుపోయి, "కండ్లు మూస్కో పిల్లా. బండ మొఖం సూస్తే మోసపోతవ్" అని సుత్తి చేతిలో పెట్టింది. ఏడాది తిరిగేసరికి కోడలు అత్తను మించిపోయింది. పదడుగుల దూరాన ఎవరో కొడుతుంటే, అన్నం వండుకుంటూ, "అది డొల్ల, తీసెయ్యుండ్రి" అనేది. తీసి పగలగొట్టి చూస్తే లోపల వెంట్రుకవాసి పగులు కనబడేది. ఆ చెవిని చూసే గుట్ట యజమాని బాపురావు పటేలు ఏటేటా ఆ గుంపుకే గుట్టనిచ్చేవాడు. పదకొండు గుడిసెలు సంచారం మానేసి ఒక్క చోట పాతుకున్నాయంటే అది హన్మవ్వ చెవి చలవే. ఈ మాట లింబయ్య నలుగురిలో అనేవాడు. ఆమె ఎదుట మాత్రం ఎన్నడూ అనలేదు. మగాడు కదా మరి!

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆ చెవి పోయింది.

కాలువ మరమ్మతుకు రాయి కావాలని గుట్ట కింద మందు పెట్టి పేల్చారు. పేల్చే ముందు వేసిన కేక విని అందరూ పరుగెత్తారు. హన్మవ్వ తట్ట కోసం వెనక్కి తిరిగింది, రెండు రూపాయల తట్ట కోసం. పేలుడుకు కిందపడి లేచింది, ఒంటి మీద గీత పడలేదు. అందరూ దేవుడి దయ అన్నారు. ఎడమ చెవి ఆనాడే మూసుకుపోయింది. కుడి చెవి ఏడాదిపాటు తేనెటీగల తుట్టెలా హోరుపెట్టి, ఒక వానాకాలం పొద్దున పూర్తిగా ఊరుకుంది. ఆ పొద్దున బండను కొట్టింది. సుత్తి పైకి లేచి కిందికి దిగింది, అంతే. మళ్ళీ కొట్టింది. చుట్టూ చూస్తే ఆమె మాట కోసం బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. "ఎక్కించుండ్రి" అంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎవరైనా అనే మాటే ఇది, ఆమెకు ఇంకా బాగా తెలుసు. కానీ చెవి పోయిందంటే బండకు పేరు పోతుంది, పేరు పోతే గుట్ట పోతుంది, పదకొండు గుడిసెలూ మళ్ళీ గాడిదల మీదికెక్కుతాయి. హన్మవ్వ నోరు మూసుకుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చింది. కుడిచేత్తో కొడుతూ ఎడమ అరచెయ్యి బండకు ఆనించి, లోపలి వణుకును చదవడం నేర్చింది. గట్టి బండ వణుకు సాగి సాగి ఆగుతుంది. డొల్ల బండ వణుకు మధ్యలో తెగిపోతుంది. ఆ చెయ్యి మూడేళ్ళు ఆమెను కాపాడింది. మొగుడు వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. వయసు మీద పడి పొగరెక్కిందని గుంపులో నవ్వుకునేవారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

అరవై ఎనిమిది మొదట్లో రామకోటేశ్వరరావు గుట్ట మీదికొచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి, వర్ని దగ్గర వలసరైతుల క్యాంపులో కాలువ కింద చెరకు పండించి నాలుగు రాళ్ళు వెనకేసినవాడు. మనిషి మంచివాడే. మీసాలు మాత్రం పై పెదవి దాటి కింది పెదవి మీదికి వాలి ఉండేవి. హన్మవ్వకు అదో గండం, ఆయన మాట ఒక్క ముక్క అందేది కాదు. లింబయ్య ముఖం చూసి ఆయనేమన్నాడో ఊహించుకునేది.

ఆయన అన్నది ఇది: "నిజామాబాదులో స్టేషను దగ్గర లాడ్జీ కడుతున్నా లింబయ్యా. పసుపు కొనడానికి సాంగ్లీ నుంచి, నాందేడు నుంచి సేట్లు వస్తారు. వాళ్ళు దిగేది సరిగ్గా ఎండాకాలంలో. రేకులేస్తే లోపల మాడిపోతారు. సిమెంటంటావా, పర్మిట్టు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఇనప దూలాల మీద బండలు పరిపిస్తా. కింద చల్లగా ఉంటుంది. పొద్దుగూకే వేళ పైన నీళ్ళు కొట్టించి మంచాలేయిస్తా. కింది అంతస్తు కప్పుకి రెండొందల నలభై బండలు ఉగాదిలోగా కావాలి. మీద ఇంకో రెండు అంతస్తులు కూడా మీవే."

ఏడు వందల పైచిలుకు బండలు! ఆ గుంపు పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద పని చూడలేదు. పైగా మూడేళ్ళు గుట్ట కదలక్కర్లేదు. లింబయ్య సరేనన్నాడు. తరువాత కట్టెల సంగతి గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. ఆ ఏడు ఫారెస్టువాళ్ళు అడవిలోంచి పుల్ల కూడా రానివ్వడం లేదు. రెండొందలకు పైగా బండలు లేపాలంటే బళ్ళకొద్దీ చండ్రకట్టె కావాలి. దానికీ రావుగారే దారి చూపాడు: "మా తోటల్లో చెరకు నరికాక ఎండాకు గుట్టలుగా పడుంది. ఎలాగూ తగలెట్టేదే. తోలుకుపోండి."

ఊరకనే వచ్చిన ఆకు. బళ్ళ మీద బళ్ళు గుట్టకెక్కాయి. అగ్గిపుల్ల తగిలితే చాలు, భగ్గున మండి చప్పున ఆరిపోయేది. ఆరిపోతే మళ్ళీ వేసేవారు, మళ్ళీ భగ్గుమనేది. కట్టెకు పొద్దంతా పట్టే పొర ఆకుకు రెండు జాముల్లో లేచింది. లింబయ్య మురిసిపోయాడు. మంటను కాసే ఓపికే అవసరం లేదన్నాడు. నిదానంగా వేడెక్కాల్సిన రాయి అలా ఎగుడుదిగుడుగా ఉడికితే లోపల ఏమవుతుందో ఆ గుట్ట మీద ఎవరికీ తెలియదు. ముందెన్నడూ చేసి ఉంటే కదా! సుత్తి పట్టిన చెవికి తెలిసి ఉండేది. ఆ చెవి లేదు.

హన్మవ్వ అరచెయ్యి ఆనించింది, కొట్టింది, ఎక్కించమంది. చివరి బండి నాడు ఒక పలక దగ్గర చెయ్యి ఆగింది. వణుకు తెగలేదు, కానీ పూర్తిగా సాగినట్టూ లేదు. మళ్ళీ కొట్టింది. అనుమానమే మిగిలింది. తల ఎత్తితే ఎద్దులు కాడికి కట్టి ఉన్నాయి. ఉగాది నాలుగు రోజుల్లో ఉంది. లింబయ్య పెదవులు, "ఏమైందే, జల్దీ" అంటున్నాయి. "ఏం గాలే, ఎక్కించుండ్రి" అంది.

ఉగాది వెళ్ళింది. లాడ్జీకి కప్పు పడింది, సందుల్లో సున్నం పూశారు. శ్రీరామనవమి నాడు ప్రారంభం. సాంగ్లీ సేట్లకు ఉత్తరాలు కూడా వెళ్ళాయి. దానికి మూడు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, లింబయ్య చెల్లెలు పెంటవ్వ గుడిసె ముందు వేసుకున్న బండ మీద నీళ్ళు గుమ్మరించింది. కాళ్ళు కాలుతున్నాయని. చెరకాకుతో లేపిన బండే అది. మూల విరిగిందని పక్కన పెడితే గడప ముందు వేసుకుంది. హన్మవ్వ అటే చూస్తోంది. నీళ్ళు పడ్డ మరుక్షణం బండ మధ్యకు రెండుగా విచ్చుకుంది. పెంటవ్వ ఎగిరి అవతల పడి, నోరంతా తెరిచి నవ్వింది.

హన్మవ్వ వెళ్ళి విరిగిన ముక్క ఎత్తి చూసింది. విరిగిన ముఖంలో సగం తెల్లగా, కొత్తగా ఉంది. మిగతా సగం నల్లగా ఉంది. మసి. అంటే ఆ పగులు ఇవాళ్టిది కాదు, మంట పెట్టిననాడే పుట్టింది. ఈ బండను కూడా తను కొట్టింది. చెయ్యి ఆనించి, బాగుందని చెప్పింది. రెండు వందల నలభై బండలు, వాటి కింద మనుషులు, వాటి మీద మంచాలు, సాయంత్రం కాగానే నీళ్ళు. ముక్క చేతిలో పట్టుకునే లింబయ్య దగ్గరికి నడిచింది.

"ఆ బండలు దించాలె" అంది లింబయ్యతో. "ఆకుతోని లేపినయన్ని ఖరాబు."

"ఏం మాట్లాడుతున్నవే? నువ్వు కొట్టినవి గాదా? ఒక్కటి పగిల్తె అన్ని పగుల్తయా? మూల ఇరిగిన బండ గది." లింబయ్య బీడీ కిందపడేశాడు. "ఇప్పుడు పోయి బండలు ఖరాబని చెప్తె, పైన రెండంతస్తులు మనకిస్తడా? పటేలు గుట్ట మీద ఉండనిస్తడా?"

ఆమె దగ్గర జవాబుంది. అది చెప్తే మూడేళ్ళు దాచిందంతా బయటపడుతుంది. చెప్పలేకపోయింది. ఆ రోజంతా గుట్ట మీద పిచ్చిదానిలా తిరిగింది. ఎంతమంది పోతారు? ఇద్దరా, నలుగురా? చెప్తే పదకొండు కొంపలు లేచిపోతాయి, చెప్పకపోతే ఎవరి కొంపలు మునుగుతాయో! ముందు నుయ్యి, వెనక గొయ్యి. మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా వర్నికి నడిచి నిజామాబాదు బస్సెక్కింది.

లాడ్జీ ముందు తోరణాలు కడుతున్నారు. పని చూసే మేస్త్రీ ఆత్మారాం, మరాఠీ మనిషి, ఆమెను చూసి నవ్వాడు. రావుగారు వరండాలో కుర్చీలో ఉన్నాడు.

"అయ్యా, ఈ కప్పు కింద ఎవల్ని ఉండనియ్యకుండ్రి. బండల పగుళ్ళున్నయి."

ఆయన మీసాల కింద ఏదో అన్నాడు. ఆమె ఆత్మారాం వైపు చూసింది. ఆత్మారాం పెదవులు స్పష్టంగా కదిలాయి: "హన్మవ్వ కొట్టిన బండకు పగులెక్కడిది అంటున్నరు సావుకారు."

తన పేరే తన కాళ్ళకు అడ్డం పడింది. ఆ పేరు ఉన్నంతసేపు ఆమె మాట ఎవరూ నమ్మరు. హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, తీసేసి, చెప్పేసింది: "నాకు ఇనబడదు అయ్యా. మూడేండ్లాయె. ఈ బండలు నేను ఇనలే."

ఆత్మారాం నమ్మలేదు. ఆమెను గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. వెనక ఒక బండ ముక్క పెట్టి సుత్తితో కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తోరణాలు కట్టేవాళ్ళు ఉలిక్కిపడి చూశారు. హన్మవ్వ గోడ వైపే చూస్తూ నిలబడింది. చాలాసేపటికి, "కొట్టుండ్రి మరి" అంది.

ఎవరూ కదలకపోయేసరికి వెనక్కి తిరిగింది. రావుగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక, తరువాతి బస్సులో వెతుక్కుంటూ వచ్చిన లింబయ్య, తలపాగా చేత్తో పట్టుకుని, నోరు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు, బండ పెనంలా కాలుతున్నప్పుడు, పైన నీళ్ళు పోసి చూడాలని రావుగారు తేల్చాడు. కింద ఎవరినీ ఉండనివ్వలేదు. ఆత్మారాం, లింబయ్య, నలుగురు కూలీలు దూలాల మీద అడుగులేస్తూ వరసల వెంట బిందెలు గుమ్మరించారు. హన్మవ్వ రోడ్డు అవతల ఎండలో నిలబడింది. పగిలితే చప్పుడు ఆమెకు వినబడదు. అందుకని లింబయ్య ముఖం మీదే చూపు పెట్టుకుంది. మొదటి వరస అయింది, ఆయన ముఖం మారలేదు. రెండో వరస, మూడో వరస, పదో వరస. ఆవిర్లు లేచాయి, అంతే. రావుగారి ముఖం ఎర్రబడుతోంది. లాడ్జీ తలుపులు తెరవకముందే బజారంతా పగుళ్ళని చెప్పుకుంటోంది మరి. పైనుంచి లింబయ్య ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆ చూపుకంటే బండ నెత్తిన పడ్డా బాగుండేదనిపించింది.

ఏం మొక్కుకోవాలో ఆమెకు తెలియలేదు. పగలకూడదని మొక్కుకుంటే ఊరికే పదకొండు కొంపలు ముంచినట్టు. పగలాలని మొక్కుకుంటే, ఛీ, అదేం మొక్కు! చీర కొంగు పిడికిట్లో నలిపేస్తూ నిలబడింది.

చివరి వరసలో ఆత్మారాం బిందె వంచాడు. పైనున్నవాళ్ళ తలలన్నీ ఒక్కసారి ఒకేవైపు తిరిగాయి. లింబయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. వరండాలోంచి దుమ్ము బయటికొచ్చింది. దుమ్ము అణిగాక వెళ్ళి చూస్తే, గుమస్తా కోసం వేసిన బల్ల నడుము విరిగి నేలకు అతుక్కుపోయి ఉంది. దాని మీద సగం బండ, విరిగిన చోట మసి.

రెండు వందల నలభైలో ఒక్కటి. ఆమె చెయ్యి ఆగినదే అయి ఉండాలి.

రావుగారు ఆమె ముందుకొచ్చి చేతులు జోడించాడు. జోడించి చాలా సేపు మాట్లాడాడు. మీసాలు కదులుతున్నాయి, కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె ఒక్క మాట పట్టుకోలేక, ఏమంటున్నాడన్నట్టు మొగుడి వైపు చూసింది. లింబయ్య ముఖం తిప్పేసుకున్నాడు. దాంతో అర్థమైంది. ఆయన అన్నది ఇది: "నువ్వు చెప్పకపోతే నా గుమస్తా ఉసురు నాకు తగిలేది తల్లీ. చచ్చేదాకా మరిచిపోను. కానీ ఇక బండ మాత్రం వద్దు. ఎన్నాళ్ళయినా సిమెంటు కోసమే చూస్తాను."

మాట వర్నికి బస్సు కంటే ముందే చేరింది. మూడేళ్ళుగా హన్మవ్వ కొట్టిందని కొన్నవాళ్ళంతా తమ కప్పుల వంక చూసుకుని తిట్టారు. బాపురావు పటేలు తిట్టలేదు, గుట్టను వేరేవాళ్ళకిచ్చాడు. గుంపులో ఆడవాళ్ళు ఆమె ముందు నుంచి నడుస్తూ నానా మాటలూ అన్నారు. ఒక్క బండ కోసం ఇంతమంది నోటి దగ్గరి కూడు పడగొట్టిందన్నారు. ఆమె పెదవులు చూడ్డం మానేసి నేల చూస్తూ కూర్చుంది.

మూడు రోజులు గడిచాయి. గుడిసెలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. నాందేడు వైపు ఎక్కడో చెరువు పని ఉందట, అటు వెళ్తారట. లింబయ్య ఆమెకు ఎదురుపడలేదు. అన్నం పెడితే తల వంచుకుని తిని వెళ్ళిపోయేవాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన అంతకాలం మాట్లాడకుండా ఉన్నది లేదు. తిట్టినా బాగుండు అనుకుంది. కొట్టినా బాగుండు. సామాను మూట కడుతూ, ఈ మూటతో తను కూడా వెళ్ళాలా, ఇక్కడే ఏ బావిలోనైనా దూకాలా అని నిజంగానే ఆలోచించింది.

నాలుగో రోజు పొద్దున పెంటవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది. హన్మవ్వ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, ఒక్కో మాట విడదీసి అంది: "వదినె, అన్న మూడ్రోజులసంది నీ ఎన్క నిలవడి అడుగుతుండు. నువ్వు పంతానికి పలుకుతలేవు అనుకుంటుండు. గుడిసె ఎన్కకు పోయి ఏడుస్తుండు."

హన్మవ్వ గిరుక్కున తిరిగింది.

రెండడుగుల దూరంలో, గుడిసె వాసాలు కట్టే తాడు చేతిలో పట్టుకుని, లింబయ్య నిలబడి ఉన్నాడు. ముఖాముఖి అడిగే ధైర్యం లేక వెనక నుంచే అడిగినట్టున్నాడు. ఊరంతటికీ తెలిసిన సంగతి ఆయనకొక్కడికే ఇంకా వంటబట్టలేదు. ఆమె తిరిగి చూసేసరికి ఆయన పెదవులు ఆ మాట మధ్యలో ఉన్నాయి: "నాకన్న ఎందుకు చెప్పకపోతివే?"

"చెప్తె నువ్వు గూడ దాయాల్సొస్తుండె" అంది హన్మవ్వ. "అబద్ధం ఇద్దరెందుకు మొయ్యాలె, నేనొక్కదాన్నే మోస్త అనుకున్న."

మెల్లగా, ఆయనకు మాత్రమే చెప్తున్నాననుకుంది. మూడేళ్ళు గొంతును ఎంతో జాగ్రత్తగా అదుపులో పెట్టుకున్న మనిషి, ఆ పొద్దున ఆ జాగ్రత్త మరిచిపోయింది. అది గుట్టంతా వినబడేంత పెద్ద కేక అయింది. విప్పుతున్న గుడిసెల దగ్గర ఎక్కడివాళ్ళక్కడ తాళ్ళు వదిలేసి ఇటు చూశారు. ఆమె మాత్రం వాళ్ళనెవరినీ చూడలేదు. మొగుడు ఏమంటాడోనని ఆయన పెదవుల వంకే చూస్తూ కూర్చుంది. అవి వణుకుతున్నాయి తప్ప, చదవడానికి వాటిలో మాటేమీ లేదు.